పడమటి కిటికీ

హెమ్లాక్ రోడ్డు
జూన్ చివర

ప్రియమైన టౌనోకి,

నీ ఓడ ఇప్పుడు ఏ రేవులో ఇనుపరాయి నింపుకుంటోందో నాకు తెలియదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇక్కడ స్ట్రాబెర్రీలు అయిపోతాయి. జామ్ కాచి సీసాల్లో పోశాను. నీ వాటా నీకు ఉంచుతానని మాత్రం మాట ఇవ్వను.

ఇక అసలు సంగతి. నేనొక మాటు కట్టుకోవాలి. అదే, దుప్పుల వేటకు కూర్చునే గుడిసె. నవ్వుతున్నావని తెలుసు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క దుప్పినీ కొట్టనిదానివి, మోకాళ్ళ నొప్పులొచ్చాక ఇదేం పిచ్చి అంటావు. అను. కానీ నాన్నతో, బాబాయిలతో కలిసి ఈ అడవిలో సగం మాటు గుడిసెలు కట్టినవాడివి నువ్వు. అడగడానికి నాకు వేరే ఎవరున్నారు?

మొన్న కాఫీపొడి కొనడానికి వెళ్తే కొట్టావిడ చెప్పింది. "విన్నావా హిల్యా, క్లిఫ్ పాస్కోకి ఈ ఏడు వేట లైసెన్సు మళ్ళీ ఇచ్చారట. పాపం, మూడేళ్ళయింది మనిషి తుపాకీ ముట్టి!"

పాపమట. వేట మొదటి రోజు తెల్లారగట్ల నా విల్హోని దుప్పి అనుకుని కాల్చి చంపినవాడు పాపమట! పొరపాటున జరిగిందన్నారు, మూడేళ్ళు లైసెన్సు తీసేశారు, అంతటితో సరి. అది కూడా ఓర్చుకునేదాన్నేమో. "విల్హో నారింజ కోటు వేసుకోలేదు, ఆ మట్టిరంగు కోటులో నాకెలా కనిపిస్తాడు?" అని వాడు షెరీఫుతో అన్నాడు చూడు, దాన్ని మాత్రం ఓర్చుకోలేను. అప్పటినుంచీ ఏటా వేట ముగిసిన రోజు చర్చి హాల్లో విందు పెడితే, స్వాన్సన్ మాస్టారు లేచి కొత్తగా తుపాకీ పట్టిన పిల్లలకు బుద్ధులు చెబుతాడు. "నారింజ కోటు ఇంట్లో వదిలేసి వెళ్ళకండర్రా, అది చూసే దూరం నుంచి మనిషని తెలిసేది. విల్హో కంగస్ ఏమయ్యాడో గుర్తుపెట్టుకోండి." బతికినన్నాళ్ళూ గుండీ కూడా వదలకుండా పెట్టుకున్న మనిషి, ఈ ఊళ్ళో బుద్ధిలేనితనానికి ఉదాహరణ అయి కూర్చున్నాడు. ఆ నారింజ కోటు ఆ రోజు నా చేతులతో తొడిగాను టౌనో.

కాబట్టి ఈ ఏడు నేను కూడా వేటకు కూర్చుంటాను. చోటు చూసుకున్నాను. వేట కాలమంతా, తెల్లారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా కూర్చోవాలి. అందుకని హాయిగా ఉండాలి. నడుం పట్టకూడదు, కాళ్ళు కొయ్యబారకూడదు, కాఫీ పెట్టుకోవడానికి చోటుండాలి. మీ మగాళ్ళలా మొద్దు మీద కూర్చుని ముక్కు కారుస్తూ వీరుణ్ణి అనుకోవడం నా వల్ల కాదు. ఎలా కట్టాలో వివరంగా రాయి.

నీ అక్క
హిల్యా


ఓడ మీద నుంచి
జూలై

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఓడల్ని ఎక్కించి దించే నీటి తూముల దగ్గర మా ఓడ ఆగినప్పుడు అందింది. విల్హో బావ గురించి నువ్వు రాసింది చదివాక చుక్కాని దగ్గర నిలబడి చాలాసేపు నీళ్ళనే చూస్తూ ఉండిపోయాను. నువ్వు తొడిగానంటే తొడిగావు. నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఊరి నోరు మూయించడం మాత్రం నా చేతిలో లేని పని.

నువ్వు ఇల్లు వదిలి అడవిలోకి వెళ్తానంటే నాకు సంతోషంగా ఉంది. మూడేళ్ళుగా ఆ వంటింటి కిటికీకి అతుక్కుపోయావు. సరే, చెబుతాను, విను.

ముందు దుంగలు. దేవదారు దుంగలే పాతు, వేరేవి చెమ్మకు కుళ్ళిపోతాయి. నేల నుంచి మోకాలెత్తున చెక్క అరుగు లేపు. కింద గాలి ఆడితే చెక్క పాడవదు, నీ పాదాలకు చెమ్మ ఎక్కదు. గది మరీ పెద్దది కట్టకు, వెచ్చబడదు. కూర్చుని కాళ్ళు బారజాపితే ఎదురు గోడకు తగలనంత ఉంటే చాలు. పైకప్పు వాలు వెనక్కి పెట్టు. ముందుకి పెడితే మంచు కరిగి కిటికీ ముందు టపటపా కారుతుంది, ఆ చప్పుడుకి దుప్పి పారిపోతుంది.

అరుగు మీద పాత తివాచీ ఏదైనా మూలమూలలా పరుచు. బూటు రాసుకున్న చప్పుడు దుప్పికి ఎంత దూరమైనా వినిపిస్తుంది. తలుపు వెనక గోడకు పెట్టు. ఇనుప బందులు వద్దు, చలికి కీచుమంటాయి. పాత బెల్టు ముక్కలు కోసి మేకులు కొట్టు.

అన్నిటికంటే కిటికీ ముఖ్యం. కొలత టేపుతో కొలవకు. ముందు కుర్చీ పెట్టి, అందులో కూర్చుని, మోచేయి ఎక్కడ ఆనితే హాయిగా ఉంటుందో అక్కడ పెన్సిలుతో గీత గియ్యి. కిటికీ అడుగు అదే. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. ఉత్తరానికి పెట్టు, అటే కదా చిత్తడి నుంచి దుప్పులు వచ్చేది, ఎండ కూడా కళ్ళలో పడదు. లోపలంతా నల్లరంగు వెయ్యి. నీ వెనక వెలుతురు ఉండకూడదు. మాటులో మనిషి ఉన్నట్టు బయటికి తెలిసిందా, అది మాటు కాదు, దుకాణం.

నూనె పొయ్యి పెట్టుకుంటే పైన ఒక కన్నం తప్పకుండా వదులు. లేకపోతే వెచ్చగా నిద్రపోయి లేవవు. ఆగస్టు దాటకుండా కట్టెయ్యి. దుప్పులు కొత్త గుడిసెను చూసి బెదురుతాయి. ఆకు రాలేలోగా వాటికి అలవాటైపోవాలి.

మా వంటవాడు రోజూ బంగాళదుంపే పెడుతున్నాడు. పేరు మాత్రం రోజుకొకటి చెబుతాడు. నీ యాలకుల రొట్టె తలుచుకుంటూ మింగుతున్నాను.

నీ తమ్ముడు
టౌనో


హెమ్లాక్ రోడ్డు
ఆగస్టు

ప్రియమైన టౌనోకి,

కట్టేశాను! నమ్మవు కదూ? దుంగలు పాతడానికి ట్రాక్టరు అద్దెకు తెచ్చాను, మిగతాదంతా నేనే. బొటనవేలి గోరు ఒకటి నల్లబడింది, అది నీ పద్దులో రాసుకో.

కుర్చీ సంగతి చెబితే కుళ్ళుకుంటావు. మంగలి ఓలీ కొట్టు మూసేస్తుంటే అతని తిరుగుడు కుర్చీ నాకిచ్చాడు. తల ఆనించుకోవడానికి దిండు, కాళ్ళు పెట్టుకోవడానికి మెట్టు, చప్పుడు లేకుండా గుండ్రంగా తిరుగుతుంది. ఊరి మగాళ్ళందరూ మెడ అప్పగించిన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. తివాచీ చర్చిది. కొత్తది వేస్తుంటే పాతది అడిగి తెచ్చుకున్నాను. ఎర్రగా, పెళ్ళికి పరిచినట్టుంది. పొయ్యి పెట్టాను, కన్నం వదిలాను. కాఫీ గిన్నెకు ఒక అర, మాంసం కూరి కాల్చిన పాస్టీలు వెచ్చగా ఉంచడానికి పొయ్యి పైన ఒక జాలీ. బందులు విల్హో బెల్టుతో వేశాను.

నువ్వు సాక్ష్యం అక్కర్లేదన్నావు. కానీ నా దగ్గర ఉంది. ఎప్పుడూ చెప్పలేదు నీకు. వేటకెళ్ళేవాళ్ళు లైసెన్సు చీటీని వీపు మీద, అన్నిటికంటే పైనున్న కోటుకు పెట్టుకుంటారు కదా. అందరూ పెద్ద పిన్నుతో పెట్టుకుంటారు. విల్హోకి అది నచ్చేది కాదు. "పిన్ను తుపాకీ పట్టీకి తగిలి టింగుమంటుంది హిల్యా" అని గొణిగేవాడు. అందుకని ఏటా నేను ఆ చీటీ సంచిని నారింజ కోటుకు నల్లదారంతో కుట్టేదాన్ని. ఆ ఏడు కూడా కుట్టాను. శవాన్ని తెచ్చినప్పుడు చీటీ మట్టిరంగు కోటు మీద ఉంది. పిన్నుతో ఉంది. ఎవరో నారింజ కోటు విప్పి, దారం తెంపి, కింది కోటుకు పిన్ను గుచ్చారు. విల్హో దగ్గరికి మొదట చేరింది ఎవరు? షెరీఫుకి చెబితే నా భుజం తట్టాడు. "పిన్ను సాక్ష్యం కాదమ్మా, ఇంటికెళ్ళి కాస్త పడుకోండి" అన్నాడు. పడుకున్నాను. నిద్ర రాలేదు.

కిటికీ ఒక్కటి నువ్వు చెప్పినట్టు పెట్టలేదు. పడమటికి పెట్టాను. మాటు కట్టింది కూడా చిత్తడి దగ్గర కాదు, పాస్కో కంచె పక్కన గట్టు మీద. అక్కడ నాకు బాగా కనిపిస్తుంది.

ఒక్క ప్రశ్న. విల్హో రైఫిలు లాంటి దాని గుండు ఎంత దూరం గురి తప్పకుండా పోతుంది? సరిగ్గా రాయి.

నీ అక్క
హిల్యా


ఓడ మీద నుంచి
సెప్టెంబరు మొదట్లో

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుర్చీ దగ్గర నవ్వాను, పిన్ను దగ్గర ఏడ్చాను, చివరికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.

పడమట ఏముంది అక్కా? సాయంత్రం ఎండ నీ కళ్ళలో కొడుతుంది. దుప్పులు అటునుంచి రావు. నాకు ఆ గట్టు తెలుసు. దాని మీద కూర్చుంటే కనిపించేది ఒక్కటే. కంచె అవతల క్లిఫ్ పాస్కో మాటు. అద్దాల కిటికీలు, లోపల సోఫా, వాడు ఇరవై ఏళ్ళు కూర్చున్న రాజభవనం. వాడి కిటికీకి ఎదురుగా నీ కిటికీ పెట్టి, రైఫిలు దూరం అడుగుతున్నావు.

నేను రాయను. ఎంత దూరమో రాయను. కోపగించుకో.

వాడు చేసింది నీచమైన పని. చచ్చినవాడి ఒంటి మీద బట్ట విప్పి, తప్పు చచ్చినవాడి నెత్తిన వేశాడు. ఇక్కడ చుక్కాని పట్టుకుని నేనే వాణ్ణి ఎన్నిసార్లు చంపుకున్నానో. కానీ నేను నీళ్ళ మీద ఉన్నాను కాబట్టి వాడు బతికే ఉన్నాడు. నువ్వు వాడికి ఎదురుగా కూర్చోబోతున్నావు. కిటికీ మూసెయ్యి అక్కా. ఉత్తరానికి ఇంకొకటి కొయ్యి. ఓడకు సెలవు పెట్టి నేనే వచ్చి కోస్తాను, కెప్టెన్ ఒప్పుకోకపోతే దూకేస్తాను.

భయంతో
నీ టౌనో


హెమ్లాక్ రోడ్డు
సెప్టెంబరు చివర

ప్రియమైన టౌనోకి,

దూకకు. నీకు ఈత రాదు.

క్లిఫ్ వచ్చాడు. నేను మాటు చుట్టూ కలుపు పీకుతుంటే కంచె దగ్గర నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. మూడేళ్ళలో వాడు నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"హిల్యా, ఇక్కడ కట్టావేంటి? నా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. నేనిటు కాలిస్తే నీకు తగలొచ్చు."

"ఎందుకు తగులుతుంది క్లిఫ్? నేను నారింజ కోటు వేసుకుంటాను. నీకు కనిపిస్తానుగా?"

వాడి మెడ ఎర్రబడింది. "అలా మాట్లాడితే ఎలా? నేనేం కావాలని చేశానా? నేను కూడా నిద్ర లేకుండా..."

"కళ్ళద్దాలు మార్చుకున్నావా?"

"హిల్యా..."

"మార్చుకో. దుప్పికి, మనిషికి తేడా తెలియాలి. మనిషికి, కోటుకి కూడా."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాడి నడుము వంగింది. నాకు జాలి వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకున్నాను. వేయలేదు.

కిటికీ సంగతి ఇక అడగకు. చెప్పను. ఓడలో చలి మొదలై ఉంటుంది, ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. కాలివేళ్ళ దగ్గర బిగువుగా ఉంటే తిట్టుకో.

నీ అక్క
హిల్యా


ఓడ మీద నుంచి
అక్టోబరు చివర

నా మొండి అక్కకు,

మేజోళ్ళు సరిపోయాయి. అవి తొడుక్కునే ఇది రాస్తున్నాను.

కాస్త నా మాట విను. నువ్వు వాణ్ణి చంపితే ఊరు ఏమంటుంది? విల్హో పెళ్ళానికి మతి పోయిందంటారు. స్వాన్సన్ మాస్టారికి ఇంకో ఉదాహరణ దొరుకుతుంది. విల్హో పేరు కడగాలనుకుంటున్నావు, దాని మీదే ఇంకొంచెం బురద పోస్తావు. అప్పుడు కోటు సంగతి ఎవరికీ గుర్తుండదు. వాడు అబద్ధం చెప్పి చచ్చిపోతాడు, అబద్ధం వాడితోనే భద్రంగా సమాధిలోకి పోతుంది. అది నీకు కావాలా?

రైఫిలు పేలకుండా దాని బోల్టు తీసి పాస్టరు గారికి ఇవ్వు. ఎందుకని అడిగితే తుప్పు పట్టిందని చెప్పు. నాకు నీ తర్వాత ఎవరూ లేరు. అమ్మ పోయినప్పుడు నువ్వు నన్ను పెంచావు, సౌనా ఆవిరిలో వీపు రుద్ది, బడికి బూట్లు తొడిగి. ఆ చేతులు జైలు కమ్మీలు పట్టుకోవడం నేను చూడలేను.

ఒక్క ముక్క రాయి. బోల్టు ఇచ్చానని ఒక్క ముక్క.

నీ
టౌనో


హెమ్లాక్ రోడ్డు
నవంబరు, వేటకు ముందు రోజు

టౌనో,

రేపు మొదటి రోజు. పాస్టీలు చేశాను, సౌనా కాచుకుని స్నానం చేశాను, కోటుకు చీటీ కుట్టుకున్నాను. మంచు పడుతోంది.

భయపడకు అని రాస్తే నువ్వు ఎలాగూ భయపడతావు. ఈ ఒక్కసారికి నన్ను వదిలెయ్యి. వాణ్ణి నేను వదలను.

హిల్యా


ఓడ మీద నుంచి
నవంబరు

అక్కా,

పెద్ద గాలివానకు లంగరు వేసి ఆగిపోయాం. ఓడ నుంచి రేడియో ఫోన్లో షెరీఫుని పిలిచాను. నీ మాటు చూసి రమ్మని చెప్పాను. నువ్వు నాతో జన్మలో మాట్లాడకపోయినా సరే. బతికుంటే చాలు, నువ్వూ, ఆ కుక్క క్లిఫూ.

టౌనో


హెమ్లాక్ రోడ్డు
డిసెంబరు మొదట్లో

ప్రియమైన తమ్ముడు టౌనోకి,

నేను బతికే ఉన్నాను. వాడూ బతికే ఉన్నాడు. రైఫిలు మంచం కింద ఉంది, దుమ్ము కూడా దులపలేదు. ఇప్పుడు కాఫీ పోసుకుని కూర్చో, మొత్తం చెబుతాను.

నువ్వు చెప్పిన మాటు నేను కట్టలేదు. అరుగు, కప్పు, బందులు నీవే, వాటికి వంక లేదు. లోపల మాత్రం నలుపు వేయలేదు, సున్నం వేశాను. ఎత్తు తక్కువ కిటికీ పెట్టలేదు, మన పాత గొడ్లకొట్టం తలుపంత పెట్టాను. నా వెనక రెండు లాంతర్లు వేలాడదీశాను. నారింజ కోటు, నారింజ టోపీ పెట్టుకుని మంగలి కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. కనిపించకూడదని నువ్వు నేర్పావు. నేను కనిపించాలని కట్టాను. రైఫిలు దూరం ఎందుకు అడిగానంటే, నా గుండు వాణ్ణి చేరుతుందా అని కాదు, వాడిది నన్ను చేరుతుందా అని. చేరేంత దగ్గర్లోనే కట్టాను. 'కనిపించలేదు' అని ఇంకొకసారి అనగలడేమో చూద్దామనుకున్నాను.

మొదటి రోజు తెల్లారగానే వాడు కిటికీ అద్దం తీశాడు. నన్ను చూశాడు. అద్దం వేసేశాడు. కాసేపటికి మళ్ళీ తీశాడు. మధ్యలోంచి మంచి కొమ్ములున్న దుప్పి ఒకటి నింపాదిగా నడిచి వెళ్ళింది. దాని వెనక నేనున్నాను. వాడు తుపాకీ ఎత్తలేదు. నేను పాస్టీ తిన్నాను. రోజూ అంతే. వాడు చోటు మార్చి చెట్టు కింద కూర్చున్నాడు, అక్కడికీ నా దీపాలు కనిపిస్తాయి. బార్లో అందరూ ఆటపట్టించారట. "ఏం క్లిఫ్, దుప్పులు నీకు మొహం చాటేశాయా?" అని.

నీ షెరీఫు వచ్చాడు. నువ్వు ఫోన్ చేశావు, క్లిఫ్ కూడా ఫిర్యాదు చేశాడు.

"తుపాకీ ఏదమ్మా?"

"ఇంట్లో ఉంది."

"మరి ఇక్కడేం చేస్తున్నారు?"

"కూర్చున్నాను."

లైసెన్సు చూపించమన్నాడు. వీపు తిప్పాను. కుట్టిన దారం వంక కాస్త ఎక్కువసేపే చూశాడు. వేలితో తడిమాడు కూడా. "మీ భూమి, మీ లైసెన్సు, మీ కోటు. కూర్చోవద్దనే చట్టం నా దగ్గర లేదు" అన్నాడు. కుర్చీలో ఒకసారి కూర్చుని, గుండ్రంగా తిరిగి, "భలే ఉంది" అని వెళ్ళిపోయాడు.

వేట ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా, మధ్యాహ్నం పెద్ద మంచు పడుతుంటే, వెనక తలుపు ఎవరో తట్టారు. క్లిఫ్. చేతిలో తుపాకీ లేదు.

"చలిగా ఉంది హిల్యా. లోపలికి రానా?"

చలిలో తలుపు తట్టినవాణ్ణి కాఫీ పోయకుండా పంపే ఆచారం మన ఇంట్లో లేదు. అమ్మ తనని తిట్టినవాళ్ళకి కూడా పోసేది. పోశాను. వాడు బాల్చీ బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఇంకెన్నాళ్ళు కూర్చుంటావు?"

"చివరిదాకా. వచ్చే ఏడు కూడా. కుర్చీ బాగుంది."

"వేసుకున్నాడు" అన్నాడు. "కోటు వేసుకున్నాడు హిల్యా. వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు. పొద కదిలింది, కాల్చేశా. దగ్గరికెళ్ళి చూస్తే నారింజ రంగు. జైల్లో వేస్తారని భయమేసింది. విప్పి తీసుకెళ్ళి మా పొయ్యిలో పడేశా."

మూడేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాను టౌనో. వింటే గుండె తేలికపడుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. "నాకు తెలుసు" అన్నాను. "చీటీకి పిన్ను గుచ్చావు. విల్హో పిన్ను పెట్టుకోడు. అయిపోయిందిగా, ఇక లే."

వాడు లేవలేదు. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"అప్పటికి బతికే ఉన్నాడు."

వాడు నా వైపు చూడకుండా చెప్పుకుపోయాడు. "నేను గుండీలు విప్పుతుంటే గాయం చూడ్డానికనుకున్నాడు. కోటు భుజం దగ్గర పట్టేసింది. తనే భుజం ఎత్తాడు, నాకు సాయంగా. చీటీ పెట్టడానికి పక్కకి తిప్పా. అప్పుడు 'థాంక్స్ క్లిఫ్' అన్నాడు. రోడ్డు మీదికెళ్ళి మనుషుల్ని పిలుచుకొచ్చేసరికి పోయాడు."

ఆ క్షణం రైఫిలు నా చేతికందే చోట ఉండి ఉంటే, ఈ ఉత్తరం నువ్వు జైలు ముద్రతో అందుకునేవాడివి. దాచిపెట్టి ఏం లాభం? వాడి గొంతు పట్టుకోవాలని లేచాను. మోకాలు పట్టేసి మళ్ళీ కుర్చీలో పడ్డాను. కుర్చీ నన్ను తీసుకుని మెల్లగా గోడ వైపు తిరిగింది. ఆ సున్నం గోడ చూస్తూ ఏడ్చాను.

రోడ్డు వైపు పరుగెత్తాల్సిన సమయంలో దారం తెంపుతూ కూర్చున్నాడు వాడు. అది ఒకటి. ఇంకొకటి ఉంది, అదే నన్ను తినేస్తోంది. విల్హో భయపడుతూ పోలేదు. స్నేహితుడు పక్కనే ఉన్నాడు, కట్టు కడుతున్నాడు అనుకుంటూ పోయాడు. విల్హో చివరి క్షణాలు ఆ మాత్రం చల్లగా గడిచాయంటే అది ఈ దొంగ చేతుల వల్లే. దీనికి నేనేం చేయను? సంతోషించనా? నాకు వాడి మీద ద్వేషం పెరిగిందే గానీ తగ్గలేదు.

కళ్ళు తుడుచుకుని కుర్చీ తిప్పాను. "విందులో లేచి చెప్పు" అన్నాను.

"చెబుతా. కోటు సంగతి చెబుతా. ముందే షెరీఫుకి కూడా చెబుతా. ఆ ఒక్క మాట మాత్రం అడక్కు హిల్యా. థాంక్స్ అన్న మాట. అది నా నోటితో అందరి ముందూ చెప్పలేను."

"నాకు ఆ మాటే కావాలి. మిగతాది నాకు ముందే తెలుసు."

వెళ్ళిపోయాడు. చెబుతాడో లేదో నాకు తెలియదు. మిగిలిన రోజులు కూడా దీపాలు వెలిగించుకుని కూర్చున్నాను.

విందు రోజు హాలు కిక్కిరిసింది. మన పద్ధతి నీకు తెలుసుగా. ఒక్కొక్కరే లేచి ఆ ఏటి వేట కథ చెప్పాలి, అబద్ధాలు చెప్పినా పరవాలేదు, నిలబడ్డవాడు కూర్చునేదాకా ఎవరూ నోరెత్తకూడదు, తినకూడదు. స్వాన్సన్ మాస్టారు పిల్లలకు బుద్ధులు చెప్పడానికి లేవబోతుంటే క్లిఫ్ ముందే లేచాడు. షెరీఫు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, క్లిఫ్ మాట ప్రకారం ఆయనకి ముందే చెప్పినట్టున్నాడు.

అంతా చెప్పాడు. పొద, గుండు, కోటు, పిన్ను. మాస్టారి మొహం పాలిపోయింది. భుజం ఎత్తిన సంగతి చెప్పి ఆగాడు. నా వైపు చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు. అప్పుడు ఆ మాట కూడా చెప్పాడు, విల్హో అన్నట్టే, మెల్లగా. ఎవరి భార్యో వెక్కింది.

చెప్పడం అయిపోయింది, వాడు మాత్రం కూర్చోలేదు. నేను తల ఊపితే కూర్చుందామని చూస్తున్నాడు. వాడు నిలబడినంతసేపూ ఎవరికీ మాట్లాడే హక్కు లేదు, ఫోర్కు ముట్టే హక్కు లేదు. అందరూ నన్నే చూస్తున్నారు, నేను ఏడుస్తాననో, క్షమించానంటాననో.

నేను ఫోర్కు తీసుకుని తినడం మొదలుపెట్టాను. మాంసం, దుంపలు, రొట్టె, అన్నీ. గబగబా తినలేదు. హాల్లో నా ఫోర్కు చప్పుడు ఒక్కటే వినిపించింది. మధ్యలో వాడు బల్ల పట్టుకున్నాడు. నేను రొట్టె ముక్కతో పులుసు తుడిచి అది కూడా తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుని, "ఇక కూర్చో క్లిఫ్" అన్నాను.

నీ అక్క
హిల్యా